నేను బఫర్‌గా పనిచేసిన ఎండాకాలం

ఒక ఎండాకాలమంతా నేను కంప్యూటర్లో ఒక భాగంగా పనిచేశాను. మాటవరసకు చెప్పడం లేదు. ఒళ్లో గంప పెట్టుకొని, చాప మీద సక్లముక్లం వేసుకొని కూర్చొని, పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా నిజంగానే పనిచేశాను. ఇప్పటికీ ఎవరైనా కంప్యూటర్ లోపల ఏముంటుందని అడిగితే, నోటిదాకా వచ్చేది "నేనుంటాను" అన్న మాటే.

తొంభైల నడిమిట్ల సంగతి. కల్వకుర్తిలో బస్టాండు వెనక సందులో ఒక దర్జీ దుకాణం ఉండేది. దాని పైగదిలో ఆ దర్జీ పెద్దాయన కొడుకు కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. కొడుకును మేము సార్ అనేవాళ్లం, తండ్రిని చాచా అనేవాళ్లం. సార్‌కు పాతికేళ్లు దాటి ఉండవు. సెంటర్లో ఉన్నది ఒకే ఒక్క కంప్యూటర్. దానికి దుమ్ము పడొద్దని చాచా షేర్వానీకి మిగిలిన నీలం బట్టతో ముసుగు కుట్టాడు, అంచుకు జరీ కూడా వేశాడు. మా బ్యాచ్ మొత్తంలో దానికున్నంత మంచి బట్టలు ఎవరికీ లేవు.

నేర్చుకునేది సీ భాష. మా ఊరి నుంచి బస్సులో ముప్పావు గంట ప్రయాణం. మావాళ్లకు గొర్లున్నాయి, కొంచెం చెలక ఉంది. డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్న నేను, మహబూబ్‌నగర్‌లో ఒక ఆడపిల్లల బడిలో కంప్యూటర్ చెప్పే టీచర్ కావాలని తెలిసి పోయి అడిగాను. పెద్దమేడం నన్ను కిందికీ పైకీ చూసి, "బడి తెరిచేలోపు సర్టిఫికెట్ తీసుకొని రా, ఉద్యోగం నీదే" అన్నది. బాపు కూడా అదే మాట పట్టుకున్నాడు. "వానలు పడేదాంక టైం ఇస్తున్న బిడ్డా. కాయితం దెచ్చినవా, పో, నౌకరి చేస్కో. తేలేదా, ఇంటికాడ ఉండు, ఇగ సదువు మాట ఎత్తకు." బాపు కోపంగా అనలేదు. తూకం వేసినట్టు అన్నాడు. నాకు అదే భయమేసింది.

ఇన్ని లెక్కలూ వేసుకున్నాక తెలిసిందేమంటే, కల్వకుర్తిలో కరెంటు ఉండదు!

ఉండదంటే బొత్తిగా ఉండదని కాదు. వచ్చేది. చుట్టం చూపుగా వచ్చి, మనం కుదురుగా కూర్చునే సరికి పోయేది. మొదటి వారమే నాకు దెబ్బ తగిలింది. మా ఊళ్లో గడపగడపకూ ఉన్న గొర్ల మందల వివరాలు ఫైల్లో రాసే ప్రోగ్రాం కట్టాను. ఒక్కొక్క అక్షరాన్నీ ఫైల్లోకి పంపే ఎఫ్‌పుట్‌సీ అనే ఆజ్ఞ అందులో బోలెడు సార్లు వాడాను. ప్రోగ్రాం నడుస్తోంది, నేను వివరాలు కొడుతున్నాను, ఇంకో రెండిళ్లయితే అయిపోతుంది. టుప్పుమని కరెంటు పోయింది. మళ్లీ వచ్చాక చూస్తే ఫైలు పేరు ఉంది, లోపల ఒక్క అక్షరం లేదు. సున్న. నాకు ఒళ్లు మండింది.

"గన్ని అచ్చరాలు పంపిన గద సార్! ఏడికి పోయినయి?" అని సార్ మీదనే అరిచాను.

"నువ్వు పంపినవు. గవి చేరలే" అన్నాడు సార్, చాచా పంపిన చాయ్ ఊదుకుంటూ. "జర ఆగు, సమజ్ చేస్త. నువ్వు పంపిన అచ్చరం సీదా డిస్కుల పడదు. నడుమ ఒక జాగాల జమైతది. దాన్ని బఫర్ అంటరు. అది నిండితెనో, నువ్వు ఇయ్యమని చెప్తెనో, ఫైలు మూస్తెనో అన్నీ ఒక్కపారి పోతయి. ఈలోపు కరెంటు పోయిందనుకో, జమైనయన్నీ ఖతం."

నాకు ఎక్కలేదు. ఎవరికీ ఎక్కలేదు. కరెంటు కూడా రాలేదు. సార్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత గబగబా మెట్లు దిగి, చాచా కత్తిరించగా మిగిలిన బట్టపీలికలు రెండు చేతుల నిండా పట్టుకొచ్చి చాప మీద గుమ్మరించాడు.

"కంప్యూటర్ లేకుంటే లేకపాయె. మనమే కంప్యూటర్ అయితం" అన్నాడు.

అట్లా మొదలైంది. బట్టలకు గీతలు పెట్టే సుద్దతో ఒక్కో పీలిక మీద ఒక్కో అక్షరం రాసుకున్నాం. ఏమీ రాయని పీలిక ఖాళీ జాగా. ఎర్ర పీలిక వస్తే కొత్త వరుస. దవాఖాన కాంపౌండర్ కొడుకు ఒకడుండేవాడు, వాడు గొంతెత్తితే బస్టాండులో కండక్టర్లు ఉలిక్కిపడేవాళ్లు. వాణ్ని మెయిన్, అంటే ప్రోగ్రాం మొదలయ్యే భాగం, చేశాడు సార్. ప్రోగ్రాంలోని ఒక్కొక్క లైనూ గట్టిగా చదవడం వాడి పని. మా అందరిలోకీ లావుగా ఉండి, నడవడమంటేనే గిట్టని ఇంకొకణ్ని వెతికి మరీ, తెర మీదికి ఒక్కో అక్షరం పంపే పుట్‌చార్‌ను చేశాడు. మెయిన్ ఒక అక్షరం చేతికిస్తే, ఆ ఒక్కటే పట్టుకొని పరుగెత్తుకొచ్చి నా గంపలో వేయాలి. రెండు ఒక్కసారి తేవడానికి లేదు. పాపం వాడు "రొండు తెస్త సార్, ఒక్కటే తాప పోత" అని బతిమాలేవాడు. "పుట్‌చార్‌కు ఒక్కటే అచ్చరం. అల్లా మీద ఒట్టు, ఒక్కటే" అనేవాడు సార్.

బోర్డు దగ్గర సుద్దముక్క పట్టుకొని నిలబడేది నా స్నేహితురాలు. ఆమె ఒకసారి తెర, ఒకసారి ఫైలు. ఆమెకూ పుట్‌చార్‌కూ నడుమ గంపతో కూర్చున్న నేను బఫర్‌ని.

ఇంకో నియమం కూడా ఉంది. పుట్‌చార్ అక్షరం వేసి ఊరికే రాకూడదు. తిరిగిపోయి, ఏ అక్షరం వేశాడో మెయిన్‌కు చెప్పాలి. వేయలేకపోతే మైనస్ ఒకటి అని చెప్పాలి. కానీ మా ప్రోగ్రాముల్లో ఆ జవాబు ఎవరికీ అక్కర్లేదు. వాడు చెమటలు కక్కుకుంటూ పోయి "కే ఏసిన!" అంటాడు. మెయిన్ వాడి మొహం కూడా చూడకుండా తర్వాతి లైను చదువుతాడు. "ఏ ఏసిన!" ఎవరూ పలకరు. నాలుగో రోజు వాడికి రోషం వచ్చింది. "చెప్పమంటరు, చెప్తె ఇనరు, గిదేం ఇంసాఫ్ సార్?" అని గోడకు ఆనుకొని కూర్చున్నాడు. కంప్యూటర్ ఆగిపోయింది. సార్ బతిమాలి లేపాడు. ఇంకో రోజు మెట్ల దగ్గర కాలు జారి, నాలుగు మెట్లు పిర్రల మీద దిగి, కింద దుకాణంలో చాచా కాళ్ల దగ్గర పడి, అక్కడి నుంచే "మైనస్ ఒకటీ..." అని కేక పెట్టాడు. ఆ పూట ఇంక పాఠం సాగలేదు. చాచా కూడా సూది పక్కన పెట్టి కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

నేను మాత్రం నా పని బ్రహ్మాండంగా చేస్తున్నానని అనుకున్నాను. ఒకనాడు మెయిన్ మా టౌన్ పేరు అక్షరాలన్నీ పంపాడు. కె, ఏ, ఎల్, డబ్ల్యూ... అన్నీ నా గంపలో పడ్డాయి. తర్వాత "ఎఫ్‌ఫ్లష్!" అని అరిచాడు. ఎఫ్‌ఫ్లష్ అంటే గంపలో ఉన్నదంతా ఇచ్చేయమని. నేను ఒక్కొక్కటే తీసి స్నేహితురాలికి అందించాను, ఆమె రాసింది. సార్ బోర్డు చూశాడు. ఊరు పేరుకు చివరి వై లేదు.

"వై ఏది?"

పుట్‌చార్ ప్రమాణాలు చేశాడు. "ఏసిన సార్, ఏసినని చెప్పిన గూడ, ఎవరన్న ఇంటె గద!"

సార్ వచ్చి నా గంపలోకి చూశాడు. పసుపు పీలిక మీద వై, గంప అడుగున హాయిగా పడుకొని ఉంది.

"గిదెందుకు ఇయ్యలే?"

నాకు నిజంగానే తెలియదు. నా చేయి దాన్ని తీయలేదు, అంతే. కాసేపటికి వెలిగింది. మా ఇంట్లో గంప అడుగు కనబడనియ్యరు. జొన్నలైనా, కందులైనా, ఎవరికి కొలిచి పోసినా, గంపలో పిడికెడు మిగిల్చే లేవాలి. బొత్తిగా ఊడ్చి ఖాళీ చేస్తే ఆ గంపలోకి మళ్లీ గింజ రాదని మా అవ్వ నమ్మకం. చిన్నప్పుడు నేను ఒకసారి తవుడు గంప బోర్లించి దులిపితే అవ్వ నా చేతి మీద ఒక్కటేసింది. అప్పటి నుంచి నా చేయి నేర్చుకుంది. సీ భాష నేర్చుకోవడానికి వచ్చింది నేను గానీ నా చేయి కాదు.

ఈ మాట చెప్తే సార్ తల పట్టుకున్నాడు. "మీ అవ్వకు నా సలాం చెప్పు. కాని ఎఫ్‌ఫ్లష్ అంటే అంతా ఇయ్యాలె. పిడికెడు సుత మిగలొద్దు."

సరే సార్ అన్నాను. మర్నాడు మళ్లీ ఒకటి మిగిలింది. ఆ మర్నాడూ మిగిలింది. చివరికి నేనూ సార్ ఒక రాజీకి వచ్చాం. గంప అడుగున అవ్వ పేరు చెప్పి ఏ అక్షరమూ లేని ఒక గుండీ వేసుకున్నాను. అది ఏ ప్రోగ్రాంలోనూ లేదు కాబట్టి ఎవరికీ అడ్డం కాదు. నా చేయి శాంతించింది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోలేదు. సార్ ఒకరోజు, "కరెంటు పోయింది అంటె బఫర్ గంప బోర్లియ్యాలె. ఉన్నదంతా కింద పారబొయ్యాలె. బోర్డు మీదికి ఏం పోవొద్దు" అన్నాడు.

"గదొక్కటి నాతోటి కాదు సార్."

"బట్టపీలికలే గదమ్మా!"

"ఏమన్న గానీ. గంప బోర్లియ్య."

సార్ నాతో వాదించలేక, "పోనీలే, గది పరీక్షల ఎవరడుగుతరు" అన్నాడు.

పరీక్ష రోజు రానే వచ్చింది. హైదరాబాదు నుంచి ఒక పరీక్షాధికారి వస్తాడు, మమ్మల్ని పరీక్షిస్తాడు, ఆయనకు నచ్చితేనే మా సెంటర్‌కు సర్టిఫికెట్లు ఇచ్చే హక్కు వస్తుంది. నచ్చకపోతే మేము నేర్చుకున్నదంతా మా సంతోషానికే. నాకు సంతోషం చాలదు, కాయితం కావాలి. అప్పటికే ఆకాశం పడమటి వైపు నల్లబడుతోంది. బాపు రోజూ మబ్బులు చూసి, తర్వాత నన్ను చూసేవాడు.

ఆ రోజు బాపు కూడా నా వెంట బస్సెక్కాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర. "ఎండకాలమంతా ఏం జేసినవో నా కండ్లతోటి సూస్త" అన్నాడు. పైగదిలో మూలన గొంగడి పరుచుకొని కూర్చున్నాడు. చాచా కూడా దుకాణం మూసి పైకి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ వియ్యంకుల్లాగా సర్దుకున్నారు.

పరీక్షాధికారి సన్నగా, కళ్లజోడుతో, ప్రయాణానికి విసిగిపోయి ఉన్నాడు. కుర్చీలో కూర్చొని, మంచినీళ్లు తాగి, "మొదలు పెడదామా?" అన్నాడు. సార్ నీలం ముసుగు తీసి, మీట నొక్కాడు. కంప్యూటర్ ఒకసారి గురక పెట్టింది. కరెంటు పోయింది.

పది నిమిషాలు చూశాం. అరగంట చూశాం. ఆయన గడియారం చూసుకున్నాడు. "నాకు రెండు గంటల బస్సు ఉంది. కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ పరీక్ష ఎట్లా పెట్టను? ఈ ఏడాదికి వదిలేయండి" అని సంచి భుజానికి తగిలించుకున్నాడు.

 సార్ నీలం ముసుగు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు నేనే లేచి, "సార్, మేమున్నం గద!" అనేశాను. మేమున్నాం అంటే ఏమిటో ఆయనకు తెలియదు కదా. మా వాళ్లు మాత్రం క్షణంలో సర్దుకున్నారు. మెయిన్ కిటికీ దగ్గరికి పోయి గొంతు సవరించుకున్నాడు, పుట్‌చార్ ప్యాంటు పైకి లాక్కున్నాడు, స్నేహితురాలు బోర్డు తుడిచింది. నేను గంప ఒళ్లో పెట్టుకున్నాను. పరీక్షాధికారి సంచి తీయకుండానే గుమ్మంలో నిలబడి చూశాడు.

సార్ విషయం చెప్పాడు.  ఆయన సంచి కింద పెట్టాడు.

మొదటి ప్రశ్న నా కోసమే అడిగాడు. తప్పు జరిగిందని చెప్పే మాటను స్టడెర్ అనే దారిలో పంపమన్నాడు. ఆ దారికి గంప లేదు. పుట్‌చార్ ఒక్కో అక్షరమే పట్టుకొని నా ముందు నుంచే సీదా బోర్డు దగ్గరికి ఉరికాడు. వాడు పోతుంటే గంప చాపాలని నా చేతులు ఎంత గుంజాయో నాకే తెలుసు. కదలలేదు. పరీక్షాధికారి తలాడించాడు. బాపు చాచాతో "మా పొల్ల ఏం జేస్తలేదేంది?" అని గుసగుసలాడటం వినబడింది. "ఏం జెయ్యకపోవుడే ఆమె పని భాయ్" అన్నాడు చాచా.

"బాగుంది. ఇంకొక్కటి" అన్నాడు పరీక్షాధికారి. "బోర్డు ఇప్పుడు తెర కాదు, ఫైలు. తెరవండి. ఈ నాలుగు అక్షరాలు రాయండి." కాయితం మీద రాసి మెయిన్‌కు ఇచ్చాడు.

మెయిన్ చదివాడు. "ఎఫ్‌పుట్‌సీ, పి!" పుట్‌చారే ఈసారి ఎఫ్‌పుట్‌సీ. ఉరికొచ్చి నా గంపలో పి వేశాడు. "పి ఏసిన!" తర్వాత ఏ. తర్వాత ఎస్. ఇంకో ఎస్. నాలుగు పీలికలు చేరగానే గదిలో అందరికీ అర్థమైంది. పాస్! మెయిన్ పళ్లన్నీ బయటపెట్టి, ఫైలు మూసే లైను చదవడానికి నోరు తెరిచాడు.

పరీక్షాధికారి చేయి ఎత్తాడు.

"కరెంటు పోయింది" అన్నాడు.

మూల నుంచి బాపు, "గిప్పుడు పోవుడేంది సారూ, పొద్దుగాల్నుంచి లేకనేపాయె!" అన్నాడు. ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. పరీక్షాధికారి నవ్వలేదు. నా వైపే చూస్తున్నాడు.

మెయిన్ నోరు తెరిచినట్టే ఉంది. పుట్‌చార్ ఒక కాలు ఎత్తి ఆగిపోయాడు. స్నేహితురాలు సుద్దముక్క బోర్డుకు ఆనించి, పెదవులు కదలకుండా "ఇయ్యే... నాలుగే గద... ఇయ్యి" అంటోంది. ఇస్తే బోర్డు మీద పాస్ అని పడుతుంది. పరీక్ష పెట్టిన మనిషే ఆ మాట చేతిలో పెట్టాడు. సార్ వైపు చూశాను. ఆయన కళ్లు మూసుకొని ఉన్నాడు. ఆయనకు గుర్తుంది, ఆ ఒక్కటి నాతో కాదని నేను అన్న మాట.

"ఇయ్యరాదు బిడ్డా, ఎందుకాగినవు?" అన్నాడు బాపు. ఆయనకు అక్షరాలు తెలియవు. బిడ్డ చేతిలో ఏదో ఉండి ఇవ్వడం లేదని మాత్రం తెలుసు.

నాకు గొర్ల మందల ఫైలు గుర్తొచ్చింది. అన్ని ఇళ్ల వివరాలు, అంత చాకిరీ, తెరిచి చూస్తే సున్న. అప్పుడు పడ్డ మంట మళ్లీ కళ్లలోకి వచ్చింది. గంప రెండు చేతులా పట్టుకున్నాను. మా బాపు ముందు, మా అవ్వ కొట్టిన చేత్తోనే, దాన్ని బోర్లించాను. పి, ఏ, రెండు ఎస్‌లు నేల మీద పడ్డాయి. గుండీ కూడా పడి, గిరగిరా తిరిగి, మెట్ల వైపు దొర్లిపోయింది. గంప అడుగు తెల్లగా కనబడింది. బాపు "అయ్యో" అన్నాడు.

"ఫైల్లో ఏముంది?" అని పరీక్షాధికారి బోర్డు దగ్గరి అమ్మాయిని అడిగాడు.

ఆమె నా వైపు చూసి, బోర్డు వైపు చూసి, ఏడుపు గొంతుతో, "ఏం లేదు సార్. పేరుంది. లోపల సున్న" అన్నది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అప్పుడు నవ్వాడు, భుజాలు ఊగేలా. "పట్నంలో అందరూ అక్షరాలు రాసి చూపిస్తారు. ఖాళీ బోర్డుకు మార్కులు వేయడం నాకు ఇదే మొదలు" అని, సంచిలోంచి సెంటర్‌కు హక్కిచ్చే ఫారం తీసి, తొడ మీద పెట్టుకొని అక్కడే సంతకం చేశాడు. సార్ కళ్లు తెరిచాడు. పుట్‌చార్ ఎత్తిన కాలు దించి, "ఇగ నేను ఏం చెప్పాలె సార్?" అని అడిగాడు. ఆ తర్వాత ఎవరు ఎవర్ని పట్టుకొని ఎగిరారో చెప్పలేను. చాచా అందరికీ చాయ్ చెప్పడానికి మెట్లు రెండేసి దిగాడు. ఆ గోలలో పరీక్షాధికారి బస్సు పోయింది, ఇంకో బస్సుకు వెళ్లాడు.

నేను మాత్రం చాప మీదే ఉన్నాను. నవ్వుతున్నాను, ముక్కు కారుతోంది. ఖాళీ గంప పక్కన పడి ఉంది. బాపు మూలలోంచి కర్ర పట్టుకొని లేచి వచ్చాడు. కాయితం వచ్చినట్టేనా అని నన్ను అడగలేదు. వంగి, నేల మీది పీలికల్లో ఒకటి ఏరి, దుమ్ము దులిపి, గంపలో వేశాడు.

"కరెంటు పోతె పోనీ బిడ్డా," అన్నాడు, "గంప ఖాళీగ తీస్కపోతమా."

అది ఏ అక్షరమో బాపుకు తెలియదు. వానలు పడ్డ వారానికి, దాన్ని గంపలోనే ఉంచి, గంప చంకన పెట్టుకొని మహబూబ్‌నగర్ బస్సెక్కాను.